పొట్టేలుకు నాలుగువందల ఫోటోలు

పెంచలనరసయ్య కొత్తదాన్ని నమ్మడు. ఆయన గురించి ఇంకేమీ తెలియకపోయినా ఈ ఒక్క ముక్కతో ఆత్మకూరు బస్టాండులో ఆయన్ను పోల్చుకోవచ్చు. నిగనిగలాడే కొత్త బస్సు వచ్చి నిలబడితే జనమంతా ఎగబడతారు. ఒక్క మనిషి మాత్రం తెలిసినవాళ్ళ చెయ్యి పట్టుకొని వెనక్కి లాగుతుంటాడు.

"ఆగండబ్బా, గీత పడిన బస్సు రానీండి. ఒక దెబ్బ తిని నిలబడిందంటే దానికి అనుభవం ఉండేట్టు లెక్క."

ఆయనే నరసయ్య.

వయసు యాభై అయిదు. కాపురం ఉదయగిరిలో, ఉద్యోగం ఆత్మకూరులోని గొర్రెల పెంపకందార్ల సంఘం ఆఫీసులో. అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఆయనే తల్లీ తండ్రీ. ఆఫీసుకు కొత్తది ఏదొచ్చినా ముందు ఆయన చంక ఎక్కి ఉదయగిరి పోవాలి, బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రావాలి. ఒకసారి మార్చి నెలలో గోడకు బిగించే ఫ్యాను కొన్నారు. అట్టపెట్టె విప్పకుండానే నరసయ్య దాన్ని బస్సెక్కించాడు. అది దసరాకు తిరిగొచ్చింది.

"ఎండాకాలమంతా మమ్మల్ని ఉడకబెట్టి, ఇప్పుడు తెచ్చినావా మామా?" అని రజిని గొడవపడింది.

"ఫ్యాను సంగతి తెలవాల కదమ్మే."

"దాని సంగతేంది? తిరగడమే కదా!"

"అదే. తిరగతాదా లేదా చూడాల."

ఆరు నెలల పాటు ఫ్యాను తిరుగుతుందో లేదో చూసిన మనిషిని రజిని అంతవరకు చూడలేదు. ఆమెది కలిగిరి. ఇరవై ఆరేళ్ళు. సంఘం వాళ్ళ ఫోన్ యాప్ రాసేది ఆమే. చేతిలో ఏ పని పెట్టినా నిన్ననే అయిపోయి ఉండాల్సిందన్నట్టు పరిగెత్తే రకం. ఆఫీసులో అందరూ అనుకునే మాటే ఆమె కూడా అనుకుంది: కొత్త వస్తువుల సుఖమంతా ఈయన ఇంట్లో అనుభవించి, మోజు తీరాక మనకు తెచ్చిస్తాడు.

ఆ యాప్ చేసే పని చిన్నది. కొండ మీద గొర్రెకు జబ్బు చేస్తే కాపరి దాని ఫోటో తీసి పంపాలి. ఆత్మకూరులో సంఘం డాక్టరమ్మ ప్రమీలారాణి చూసి మందు చెప్పాలి. గొర్రె కోసం డాక్టరు కొండెక్కే రోజులు ఈ దేశంలో ఇంకా రాలేదు కాబట్టి, కొండే ఫోటోగా మారి డాక్టరు దగ్గరికి దిగి రావాలి.

దిగి రావడంలోనే వచ్చింది చిక్కు. ఉదయగిరి కొండ మీద సిగ్నలు పట్టుమని పది అడుగులు ఉండదు. ఒక సిమ్ము పోతుంది, ఇంకో సిమ్ము వస్తుంది. ఫోటో సగం పోయి ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. పోయిన ఏడు వానల్లో మూతివాపు రోగం సోకినప్పుడు, ఆ కొండ మీద మంద కాసే ఆదిశేషమ్మ పంపిన ఫోటో సాయంత్రానికి గాని చేరలేదు. ఆమెకు పదకొండు గొర్రెలు పోయాయి. మొదటిదాన్ని పొద్దున్నే మంద నుంచి విడదీసి ఉంటే తక్కినవి నిలబడేవని డాక్టరమ్మ అంది.

ఈ ఏడు వానలు ఇంకో ఇరవై రోజుల్లో ఉన్నాయనగా ఆదిశేషమ్మ ఫోన్ చేసింది.

"అమ్మే రజినీ, మీ యాప్‌లో చక్రం తిరగతానే ఉండాది. గొర్రెకు రోగమొచ్చేది నిజమే గాని, ఆ చక్రం ఆగేదాకా అది చావకుండా ఉంటాదా?"

రజిని వెళ్ళి నరసయ్య బల్ల ముందు నిలబడింది.

"మామా, మన సర్వర్‌కు హెచ్‌టీటీపీ-త్రీ కావాల."

"పాతదానికి ఏమొచ్చింది?"

"పాత పద్ధతిలో సర్వరు ఫోన్‌ను దేంతో గుర్తుపడతాది? అడ్రస్సుతో. సిమ్ము మారితే అడ్రస్సు మారతాది. అప్పుడు సర్వరు 'నువ్వెవరో నాకు తెలవదు, మొదట్నించీ పంపు' అంటాది. కొత్త పద్ధతిలో గొర్రె చెవికి ట్యాగు వేసినట్టు ఉంటాది. ఏ దొడ్లో నిలబడినా ట్యాగు చూసి 'ఓహో నువ్వా, మిగతాది పంపు' అంటాది."

నరసయ్య ముఖం వెలిగింది. "బాగా చెప్పినావమ్మే. ప్యాకేజీ స్టేబుల్లో ఉండాదా?"

"మన స్టేబుల్లో లేదు. కొత్త వెర్షన్‌లో ఉండాది."

"అయితే లేనట్టే."

వాళ్ళ సర్వర్ నడిచేది లైనక్స్ మీద. స్టేబుల్ అంటే, బాగా పరీక్షించి ముద్ర వేసిన సాఫ్ట్‌వేర్ల పెట్టె. అందులో సరుకు రెండేళ్ళ పాతదైనా అలగదు, ఎదురు తిరగదు. కొత్త సరుకు కావాలంటే వేరే పెట్టెలోంచి తెచ్చి కలపాలి. అట్లా కలిపితే ఉన్నవాటిలో ఏది తిరగబడుతుందో ముందు చెప్పలేం. ఆఫీసులో నరసయ్య ఆ స్టేబుల్ పెట్టె మీదే కూర్చున్నాడు. లేవడు.

"అందులోకి ఎప్పుడొస్తాది మామా?"

"వచ్చినప్పుడు."

రజినికి ఒళ్ళు మండింది. "పట్నంలో పరుపు మీద పడుకొని సినిమా చూసేవాడి ఫోనుకు ఆ కొత్త దారి ఎప్పుడో వచ్చేసినాది. వాడి సినిమా ఒక్క క్షణం ఆగితే ప్రపంచం మునిగిపోతాది! కొండ మీద ఆడమనిషి గొర్రె నోరు చూపించాలంటే మాత్రం రెండేళ్ళు ఆగాల్నా? బీదోళ్ళ వంతుకు ఎప్పుడూ పాతవేనా? స్టేబుల్ అంటే కదలకుండా ఉండేదేగా? చచ్చిన గొర్రె కూడా కదలదు మామా!"

ఆఫీసంతా చేతిలో పని ఆపి చూసింది. నరసయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వానలు ఎన్నాళ్ళలో?"

"ఇరవై రోజులు."

"పదైదు రోజులు ఆగు. కొత్త పద్ధతితో నువ్వు రాసిన యాప్ ఏదైనా ఉంటే ఇటియ్యి."

ఇచ్చింది. అంతే, ఆ మరునాటి నుంచి నరసయ్య ఆఫీసులో సగం పూటే కనిపించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కాగానే సంచి భుజాన వేసుకొని ఉదయగిరి బస్సెక్కేవాడు. పొద్దున వచ్చేటప్పుడు ప్యాంటు నిండా పల్లేరుకాయలు. ఏమైందని అడిగితే "చూస్తా ఉండా" అనేవాడు. దేన్ని చూస్తున్నాడో చెప్పడు. ఫ్యాను రోజులు గుర్తొచ్చి రజినికి భయమేసింది. ఈ లెక్కన దసరా అనేది వచ్చే ఏటికి పడుతుంది!

పన్నెండో రోజు పడమట మబ్బు పట్టింది. ఇంక ఆగలేక, తానే పెట్టేద్దామని రజిని సర్వర్ ముందు కూర్చుంది. పాస్‌వర్డు నరసయ్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు. సరే, మెడ మీద కత్తి పెట్టయినా అడుగుతానని ఉదయగిరి బస్సెక్కింది.

ఇంటి తలుపు కొట్టబోతుండగా లోపలి నుంచి నరసయ్య భార్య వరదమ్మ కేక పెట్టింది.

"మెల్లిగా తొయ్యమ్మా! కొత్త గొళ్ళెం అది. మీ ఆఫీసుకే పెట్టాలంట. నిన్న నన్ను గంట సేపు లోపలేసి కూర్చునింది."

రజిని పక్కకు తిరిగి దూరింది. లోపల చూస్తే మిషన్ల ఆసుపత్రిలా ఉంది. టీవీ దానంతటదే మాట్లాడుతోంది. గోడ గడియారం వెనక్కి తిరుగుతోంది. బల్ల మీద ఒక ముసలి లాప్‌టాప్ రొప్పుతోంది.

"ఏంది అత్తా ఇదంతా?"

"మీ దగ్గరికి వచ్చేది ఏదైనా ముందు మా నెత్తిన పడాల కదా. ఆ ఫ్యాను సంగతి ఆయన చెప్పలేదా? మూడో రోజే రెక్క ఊడి పప్పు గిన్నెలో పడినాది. బాగు చేయించి, ఎండాకాలమంతా తిప్పి, ఇంక ఊడదని తేలినాక మీకు తెచ్చిచ్చినాడు."

"మాకు ఒక్క మాటన్నా చెప్పలేదే!"

"చెప్తే మీరు భయపడతారంట. మేం భయపడితే ఫర్వాలేదంట. పో, కొండ కింద ఉంటాడు. పరిగెత్తతా ఉంటాడు."

నిజంగానే పరిగెత్తుతున్నాడు. దుర్గం కొండ మొదట్లో, బండల మధ్య, మెడలో రెండు ఫోన్లు, చొక్కా జేబుల్లో రెండు, చేతుల్లో రెండు. అన్నిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. ఆయన ముందు ఒక బలిసిన పొట్టేలు ప్రాణభయంతో ఉరుకుతోంది. గట్టు మీద ఆదిశేషమ్మ కర్ర ఆనించుకొని పొట్ట పట్టుకొని నవ్వుతోంది.

"ఆదిశేషమ్మా, అడ్డం రా! దాని మూతి కావాల!"

"నేను రాను సామీ. పొద్దున్నించి ముప్పై ఫోటోలు తీసినావు. పెండ్లికొడుక్కు కూడా అన్ని తీయరు." రజినిని చూసి ఆమె గొంతు పెంచింది. "అమ్మే, నువ్వన్నా చెప్పు. దానికి రోగం లేదు, రొష్టు లేదు. పన్నెండు రోజుల్లో నాలుగువందల ఫోటోలు! ఇప్పుడు ఈయన దగ్గితే చాలు, పొట్టేలు పొదలో దూరతా ఉండాది."

నరసయ్య ఆయాసంతో బండ మీద కూలబడ్డాడు.

"ఆ ఫోన్లేంది మామా?"

"రిపేరు షాపులో తెచ్చినా. మన సభ్యుల చేతుల్లో ఉండే రకాలే ఇవి. నీ చేతిలో ఉండే లాంటిది కొండ మీద ఎవరికి ఉండాది? నీ కొత్త సర్వర్‌ను మా ఇంట్లో లాప్‌టాప్‌లో పెట్టినా. సిమ్ములు మార్చుకుంటా, ఫోటోలు పంపుకుంటా పరిగెత్తతా ఉండా. నాలుగు ఫోన్లలో బ్రహ్మాండం. సిమ్ము మారినా తెగలేదు."

"అయితే ఇంకేంది!" రజిని ఎగిరి గంతేసింది.

"ఈ రెండింట్లో చచ్చింది."

రజిని గంతు సగంలో ఆగింది.

"ఈ కంపెనీ సిమ్ము మీద నీ కొత్త దారి మూసేసి ఉండాది. నీ యాప్ ఏం చేస్తా ఉండాదో తెలుసునా? తలుపు తీస్తారులే అని అర నిమిషం నోరు తెరుచుకొని నిలబడతా ఉండాది. ఆ తర్వాతే పాత దారికి పోతాది. ఈ సిమ్ము ఉండేవాళ్ళకు ఇది పాతదాని కంటే అన్యాయం."

అది తాను రాసిన ముక్కే. తన ఫోనులో, ఆఫీసు వైఫైలో ఎప్పుడూ బయటపడలేదు. రజిని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదంతా మొదటి రోజే నాతో చెప్పి ఉండొచ్చు కదా?"

"చెప్తే మరునాడే పెట్టమంటావు. పగిలిందనుకో, మనకు ఇంకో రోజు ఉండాది, ఇంకో వెర్షన్ ఉండాది. ఆమెకు ఇంకో గొర్రె ఎవరిస్తారమ్మే?"

"పెట్టకపోబట్టి పోయినవి పదకొండు. వాటినెవరిస్తారు మామా?"

నరసయ్య తల వంచుకొని ప్యాంటుకు పట్టిన పల్లేరుకాయ ఒకటి పీకాడు. "అందుకే కదా, ఈ మోకాళ్ళతో పరిగెత్తతా ఉండేది."

రజిని సంచిలోంచి తన లాప్‌టాప్ తీసింది. బండ మీదే కూర్చొని ఆ ముక్క మార్చి రాసింది. యాప్ ఇక రెండు దారుల్లోనూ ఒకేసారి తలుపు కొడుతుంది. ఏది ముందు తెరుచుకుంటే అందులో దూరుతుంది. చీకటి పడకముందే ఆరు ఫోన్లూ దారికొచ్చాయి. చివరి పరీక్షకు పొట్టేలు దొరకలేదు. ఆదిశేషమ్మే నోరు తెరిచి ఫోటో దిగింది. ఆత్మకూరు నుంచి ప్రమీలారాణి కంగారుగా ఫోన్ చేసింది: "ఎవరిది ఈ నోరు? ఏం జబ్బు?"

సర్వర్ మాత్రం స్టేబుల్‌గానే ఉండిపోయింది. దాని ముందు, వాకిట్లో కాపలా మనిషిలాగా నరసయ్య ఇంటి లాప్‌టాప్‌ను కూర్చోబెట్టారు. కొత్త దారిన వచ్చేవాళ్ళను అది పలకరించి లోపలికి పంపుతుంది. అది పడుకున్నా పాత తలుపు పక్కనే తెరిచి ఉంటుంది. రజినికి కావలసింది రజినికి దక్కింది. నరసయ్య పెట్టె మీద నుంచి లేవనక్కర్లేకపోయింది.

అయిదో రోజున వాన మొదలైంది. పదకొండు గంటలప్పుడు డాక్టరమ్మ తెర మీద ఒక ఫోటో వచ్చి వాలింది. ఉదయగిరి నుంచి. వాచిన మూతి, నీలం తిరిగిన నాలుక. దారిలో రెండుసార్లు సిమ్ము మారినా, నాలుగు సెకండ్లలో వచ్చింది. ప్రమీలారాణి అప్పటికే ఫోన్‌లో అరుస్తోంది: "ఆదిశేషమ్మా, దాన్ని ముందు మందలోంచి విడదీయ్! నోరు కడుగు! మందు చెప్తా, రాసుకో!" సాయంత్రానికి ఆ ఒక్కటీ గడ్డి కొరికింది. మందలో ఇంక దేనికీ మూతి వాయలేదు.

ఆఫీసులో కేకలు, ఈలలు. రజిని మాత్రం ఆ పన్నెండు రోజుల పాఠం బాగానే నేర్చుకుంది. బుద్ధిగా కాగితం తీసుకుని నరసయ్య దగ్గరికి వచ్చింది.

"మామా, తొందర లేకుండా వారానికి ఒక మండలం చొప్పున అందరి ఫోన్లలో కొత్త యాప్ ఎక్కిద్దామా? ముందు..."

నరసయ్య అప్పటికే డాక్టరమ్మ స్కూటరు తాళాలు అడిగి తీసుకొని, తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటున్నాడు.

"వారానికొకటేంది? ఎక్కు. రేపు మధ్యాహ్నానికి కొండాపురం, కలిగిరి, చేజర్ల మూడూ అయిపోవాల."

"వాన కొడతా ఉండాది మామా! కాస్త తగ్గనీ!"

"తగ్గేదేంది? పనిచేస్తా ఉండాది కదమ్మే!"

స్కూటరు బురదలో ఒకసారి జారి, నిలదొక్కుకొని, కొండాపురం దారి పట్టింది. వెనక సీటులో రజిని ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకొని, ఇంకో చేత్తో వాన తుడుచుకుంటూ, "మెల్లిగా మామా, మెల్లిగా!" అని అరుస్తూనే ఉంది. ఆయన వింటేగా!