ఈశాన్యానికి దొర్లిన బంతులు

మా నాయన చెన్నైలో ఒక గోల్ఫ్ క్లబ్బుకి ముప్పై ఏళ్లు గడ్డి కోశాడు. రోజూ తిరువళ్లూరులో మొదటి లోకల్ రైలెక్కి వెళ్లి, పెద్దమనుషులు బంతి దొర్లించే ‘గ్రీన్’ అనే పచ్చటి నేలను చెంపలా నున్నగా గీసిపెట్టి, వాళ్లొచ్చే వేళకి పక్కకి తప్పుకునేవాడు. పనివాళ్లు ఆట కర్ర ముట్టుకోకూడదు. రిటైరైన రోజు ఒక సభ్యుడు తన పాత పట్టర్ తీసి నాయన చేతిలో పెట్టాడు. బంతిని మెల్లగా తట్టి గుంటలోకి పంపే కర్ర అది. నాయన దాన్ని బీరువాలో అమ్మ పట్టుచీరల పక్కన నిలబెట్టాడు. పట్టుచీరలైనా ఏడాదికోసారి బయటికొస్తాయి.

ఆ కర్ర బయటికి రావడానికి కారణం శోళవరం మామ. నాయనతో పాటు అదే క్లబ్బులో గడ్డి మిషన్ నడిపిన మనిషి. ఏ వరసా లేకపోయినా ఇద్దరూ బావా అనే పిలుచుకుంటారు. ఎప్పుడో ఒక వానరోజు సభ్యులెవరూ రాకపోతే ఇద్దరూ దొంగతనంగా ఆడారట. మామ ఒక్క దెబ్బకి బంతిని గుంటలో వేశాడు. నాయన మూడుసార్లు కొట్టి మూడుసార్లూ తప్పాడు. నాలుగోది కొట్టేలోపు వాచ్‌మన్ విజిల్ వేశాడు. ఆ విజిల్ మా ఇంట్లో ఇప్పటికీ ఆగలేదు. ఏ పెళ్లిలో కనబడినా మామ పలకరింపు ఒకటే: "ఏం బావా, నాలుగోది కొట్టినావా?"

మామ వచ్చే వారం ఆదివారం మా ఇంటికి వస్తానని ఫోన్ చేశాడు. నాయన నన్ను మణవాళనగర్ ఇంటి పెరట్లోకి తీసుకెళ్లి బట్టలారేసే తీగ కింద నిలబెట్టాడు.

"ఈడ గ్రీన్ ఎయ్యాల."

"గడ్డి మొలిచేదానికి రెండు నెలలు పట్టదా నైనా?"

"ప్లాస్టిక్ గడ్డి. ముప్పై ఏండ్లు గడ్డిని నేను సాకినా. ఇంక దాన్ని అదే సాక్కోనీ."

నేను ఫోన్లో వీడియోలు చూశాను. అందులో నవ్వుముఖాల వాళ్లు మట్టి తవ్వి, క్రషర్ రాతిపొడి పరిచి, దిమ్మిసతో కొట్టి, పైన పచ్చ చాప పరిచి, ఒక పాట అయ్యేలోపు చేతులు దులుపుకున్నారు. నాకు తీగ విప్పి మట్టి తవ్వడానికే మూడు రోజులు పట్టింది. చాప చుట్ట తెచ్చిన వ్యాను మా సందులో పట్టక మెయిన్ రోడ్డులోనే దించిపోయింది. దాన్ని నేనూ నాయనా చెరో కొస పట్టుకుని మోసుకొస్తుంటే ఎదురింటావిడ బయటికొచ్చి ఎవరు పోయారని అడిగింది.

నేల చదును చేయడానికి తిరుత్తణి పక్క కే.జీ.కండిగై నుంచి మేస్త్రీని పిలిపించాం. మా ఇల్లు కట్టింది ఆయనే.

"మేస్త్రీ, నేల అద్దం మాదిరి ఉండాల. ఒక నూలు కూడా వంగకూడదు" అన్నాడు నాయన.

"సరి పెద్దాయనా, నాకు తెలవదా?" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకే నాకు భయం వేసి ఉండాల్సింది.

శుక్రవారం సాయంత్రానికి చాప పరిచి, అంచులకి మేకులు కొట్టి, మధ్యలో ఒక పైపు ముక్క దించి గుంట చేశాం. నాయన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. బంతి పెట్టి తట్టాడు. బంతి గుంట వైపే బయలుదేరి, సగం దారిలో ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి, మూలనున్న కొళాయి దగ్గరికెళ్లి కూర్చుంది. ఇంకొకటీ అక్కడికే. కాసేపటికి బంతులన్నీ నీళ్ల కోసం వచ్చిన బిందెల్లా కొళాయి చుట్టూ చేరాయి.

రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమికి రానంది. మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అన్నా, నేల కొళాయి పక్కకి వంగిండాది."

"అది ఈశాన్యం కదప్పా. ఈశాన్యానికి వాటం ఇయ్యకుండా యాడన్నా నేల ఏస్తారా? నీళ్లు అట్లనే పోవాల."

"ఇది నీళ్లకి కాదన్నా, బంతికి."

"బంతికి మాత్రం వాస్తు వద్దా?"

మామ రావడానికి ఒక్క రోజే ఉంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బంతులు ఈశాన్యానికే పోతుంటే గుంటనే అక్కడ పెడితే సరి. పైపు ముక్క పీకి మూలలో దించాను. మేస్త్రీకి చెబితే సంబరపడ్డాడు, ఈశాన్యంలో గుంట ఇంటికి మరీ మంచిదట. నాయన మూలనున్న గుంటను ఒకసారి చూసి లోపలికెళ్లిపోయాడు. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

ఆదివారం మామ వచ్చాడు. చెప్పులు విడిచి, చాప మీద నిలబడి, ఒకటి తట్టాడు. పడింది. వెనక్కి తిరిగి కొట్టాడు. పడింది. కాలితో తన్నాడు. అదీ పడింది.

"నా చెయ్యి ఇంకా తప్పలేదు బావా! రా, నాలుగోది కొట్టు."

నాయన కర్ర తీసుకుని బంతి ముందు నిలబడ్డాడు. అమ్మ తెచ్చిన కాఫీ మీద మీగడ కట్టేదాకా నిలబడ్డాడు. తర్వాత కర్రను గోడకి ఆనించాడు.

"కొట్టను."

"ఏంది, భయమా?"

"అందరిదీ పడేదాన్ని గుంట అనరు బావా. తూము అంటారు."

మామ నవ్వీ నవ్వీ దగ్గాడు. "సరి, మళ్లా ఆదివారం వస్తా. ఆలోపల తూమును గుంట చెయ్."

సోమవారం నుంచి సెలవు పెట్టి చాప పీకాను. ప్రతి మేకూ నేను కొట్టిందే, అయినా నా మీద పగబట్టినట్టు ఒక్కటీ తేలిగ్గా ఊడిరాలేదు. ఈసారి మేస్త్రీని పిలవలేదు. నాయన మోకాళ్ల మీద కూర్చుని, క్లబ్బులో చేసినట్టే అరచేత్తో నేల తడుముతూ, ఈడ మన్ను పొయ్యి, ఆడ తియ్యి అన్నాడు. నేను తట్టలు మోశాను. రసమట్టం తెస్తే అవతల పెట్టమన్నాడు. ఐదో రోజుకి నేల చదునైంది, చాప మళ్లీ పరిచి గుంటను మధ్యలోకి తెచ్చాం. నా నడుము మాత్రం ఈశాన్యానికి వంగింది.

ఆదివారం మామ ఎదురుగానే నాయన బంతి తట్టాడు. అది తిన్నగా, ఎటూ తొణకకుండా గుంట అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. వేలెడు దూరం.

"నాలుగోదీ తప్పినావు బావా!" అని అరిచాడు మామ.

"తప్పినా" అన్నాడు నాయన. ఆయన ముఖం అంత వెలగడం నేను రిటైర్మెంట్ రోజు కూడా చూడలేదు. "తప్పింది నా చెయ్యి, నేల కాదు. ఇప్పుడు నువ్వు కొట్టు."

మామదీ పడలేదు. ఐదోది, ఆరోది, ఏడోది. మధ్యాహ్నం అన్నాల వేళ దాటినా ఇద్దరూ వంతులేసుకుని తప్పుతూనే ఉన్నారు. నేను రెండు వారాలు మట్టి మోసింది ఇందుకన్నమాట.

అమ్మ తడిబట్టల బకెట్టుతో పెరటి గుమ్మంలో నిలబడి, తీగ మళ్లీ ఎప్పుడు కడతావని నన్ను అడిగింది.