ఇంటిపేరు చివరి 'వార్'

మా ఇంటిపేరు చివర 'వార్' అని ఉంటది. మా కులంల అన్ని ఇండ్ల పేర్లూ గంతే. నాందేడ్ జిల్లాల ఏ తాలూకాకు పోయినా ఈ తోక ఉన్నోళ్లు కనిపిస్తరు. ఇది మన తెలుగు 'వారు'నే. ఫలానా ఇంటివారు అని చెప్తే, దఫ్తర్ల మరాఠీల రాసుకున్నోనికి చివరి ఉకారం వినరాలేదు. తాతల తాతలు గోదారి దాటొచ్చి ఇక్కడ సేద్యం పట్టుకున్నరు. మెల్లగ మాట మారింది, లగ్గం పత్రికలు మారినయి, పిల్లల పేర్లు మారినయి. ఇప్పటి పిల్లలకు తెలుగుల తిడితే అర్థమైతది గని, మాట్లాడుమంటే నవ్వుతరు.

నేను నాయ్‌గావ్ దగ్గర బడిల మరాఠీ చెప్తా. చిన్నప్పుడు రెండేండ్లు బోధన్‌ల మా మేనమామ ఇంట్ల ఉండి చదివిన. గందుకే తెలుగు అక్షరాలొచ్చు. మా దిక్కు మా కులపోళ్లల్ల అవి వచ్చినోన్ని నేనొక్కన్నే. దాంతోనే ఇరుక్కున్న.

ఆ ఏడు మా బిడ్డకు నాందేడ్‌ల సంబంధం కుదిరింది. ఇద్దరూ ఒకే కాలేజీల చదివినోళ్లు, ఇష్టపడ్డరు. మాకు అంతకన్న ఏం గావాలె? కాబోయే వియ్యంకుడు మా కుల మండలికి అధ్యక్షుడు. ఆయన ఒకరోజు ఇంటికొచ్చి, "గురూజీ, మనోళ్ల చరిత్ర పుస్తకం ఏస్తున్నం. మీకు తెలుగొస్తది. ముసలోళ్లను అడిగి మీరే రాయాలె" అన్నడు. నాకు సంబురమైంది.

కర్ఖేలిల మా మేనత్త ఉంటది. ఎనభై దాటింది. మా కులంల ఆమెకన్న పెద్ద ఆడమనిషి లేదు. ఆమె ముంగట కూసొని అడిగిన. పత్తి గింజలు ఏరుకుంట చెప్పింది.

"కరువుల వచ్చినం బిడ్డా. ఆలుమొగలు, రెండెడ్లు. గోదారి దాటంగనే ఒక ఎద్దు సచ్చింది. ఇక్కడి దొర, దున్నినంత భూమి చేసుకో అన్నడట. ఒంటెద్దుతోని ఎట్ల దున్నుతడు? రెండో పక్క కాడి ఆమె భుజానికెత్తుకున్నది. కడుపుతోని ఉండెనట అప్పుడు. ఆమె పిల్లలమే మనమందరం."

ఆమె తన భుజం ముట్టుకొని చూపిచ్చింది. గా మాట ఇంటికి పోయేదాక నా చెవులల్లనే ఉన్నది. రాత్రి దాక ఆగలే, పొద్దుగూకక ముందే మరాఠీల రాసిపెట్టిన. అన్నేండ్లు పిల్లలతోని వ్యాసాలు రాయించిన గని, నేను మనసు పెట్టి రాసింది అదొక్కటే.

వియ్యంకుడు చదివి కాయితాలు మెల్లగ మడిచిండు.

"ఎద్దుకు బదులు కాడి మోసిన ఆడదాని పిల్లలమని రాస్తే, మన పోరగాండ్లు తలెత్తుకుంటరా గురూజీ? మరాఠీల వార్ అంటే ఏంది? కత్తి దెబ్బ. మనం కోటల కత్తి పట్టిన సర్దార్ల సంతానం. పక్క తాలూకోళ్లు ఎప్పుడో అట్ల రాసుకున్నరు."

"అది తెలుగు 'వారు' అండీ. మర్యాదకు అనే మాట."

"మీకు తెలుసు, నాకు తెలుసు. నేను గూడ మా అమ్మతోని తెలుగే మాట్లాడిన. ఊరంతటికి ఎందుకు?" అన్నడు. గొంతు పెంచలేదు. "మీకు లగ్గం పనులున్నయి. నేను వేరేటోనితోని రాయిస్త. పేరు మాత్రం మీదే పెడ్త. తెలుగొచ్చినోడు రాసిండంటే నమ్ముతరు."

నా పేరు వద్దన్న. ఆయన చాయ కప్పు కింద పెట్టి, మా బిడ్డ ఏ రంగు చీర కొన్నదో అడిగిండు. బెదిరించిండా అంటే లేదు. గని ఆ అడుగుడుతోని లగ్గం ఆయన చేతిల ఉన్నదని యాదికొచ్చింది.

ఇంట్ల నా భార్యకు చెప్పిన. "ఒక పుస్తకం. ఎవరు చదువుతరు?" అన్నది. పక్క అర్రల బిడ్డ ఫోన్ల నవ్వుతున్నది. రెండు రోజులు బడికి పోయిన, వచ్చిన, అన్నం తిన్న. ఏ దిక్కు తిరిగినా గోడనే తగిలినట్టుండె. మూడో రోజు వియ్యంకునికి ఫోన్ చేసి, సరే అన్న.

నాందేడ్‌ల లగ్గాలు చేసే ఒక మంగల్ కార్యాలయ్‌ల పుస్తకం విడుదల పెట్టిండ్రు. అట్ట మీద గుర్రం, కత్తి, కింద నా పేరు. నన్ను స్టేజీ మీద కూసోబెట్టి శాలువ కప్పిండ్రు. అందరికన్న పెద్దమనిషి అని మా మేనత్తను గూడ పిలిపిచ్చిండ్రు. ఆమె అక్కడుంటదని నాకు అక్కడికి పోయినంకనే తెలిసింది. సన్మానం చేసి, రెండు మాటలు చెప్పుమని మైకు ఇచ్చిండ్రు.

ఆమెకు మరాఠీ నాకంటే మంచిగొస్తది. అరవై ఏండ్లు బజార్ల మరాఠీలనే బేరం చేసింది. గని మనోళ్ల ముంగట మరాఠీ ఎందుకనుకున్నదేమో, తెలుగుల మొదలుపెట్టింది. కరువు, గోదారి, సచ్చిన ఎద్దు, కాడి. అక్కడ గూడ భుజం ముట్టుకొని చూపిచ్చింది. ముందు వరుసల నలుగురైదుగురు ముసలోళ్లు తలకాయ ఊపుతున్నరు. ఎనకాల పోరగాండ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

వియ్యంకుడు నవ్వుకుంట నా దిక్కు మైకు జరిపిండు. "గురూజీ, ఆయీ ఏమన్నదో మరాఠీల చెప్పుండ్రి."

లేచి నిలబడ్డ. మా బిడ్డ మూడో వరుసల కాబోయే అత్త పక్కన కూసున్నది. మేనత్త నా దిక్కే చూస్తున్నది. నేను ఎట్ల చెప్తనోనని ఎదురుచూస్తున్నదని ఆమె మొఖంల కనబడ్డది.

"మన పెద్దలు ధైర్యవంతులు, వాళ్ల పేరు నిలబెట్టుండ్రని ఆయీ దీవిస్తున్నది" అని మరాఠీల చెప్పిన.

చప్పట్లు కొట్టిండ్రు. ఆమె కొట్టలేదు. ఒళ్లో పెట్టుకున్న టెంకాయ దిక్కు చూసుకుంట కూసున్నది.

తిరిగి పోయేటప్పుడు జీపుల పక్కపక్కనే కూసున్నం. ఉమ్రీ దాటినంక ధైర్యం చేసి, "అత్తా, బిడ్డ లగ్గం ఉన్నది గద, ఏం జెయ్యాలె?" అన్న. ఆమె కొంగు తలమీదికి లాక్కొని కిటికీల నుంచి చూసింది. తిట్టినా బాగుండు.

లగ్గం మంచిగనే అయింది. బిడ్డ సుఖంగ ఉన్నది. వియ్యంకుడు పండుగకు పండుగకు పిలుస్తడు, మర్యాదకు తక్కువ చెయ్యడు. మా మనుమరాలిని బడిల ఏసిండ్రు, కత్తి దెబ్బ కథ దానికి నోటికొస్తది. దాని ముంగట నేను నోరు మెదప.

లగ్గమైన నెలకు కర్ఖేలి పోయిన. మేనత్త అరుగు మీద ఉన్నది. "అత్తా, ఎట్లున్నవ్?" అన్న.

"యే, బస్. చహా ఘే" అన్నది.

వచ్చి కూసో, చాయ తాగు అని. ప్రేమగనే అన్నది. చాయ పోసిచ్చింది, మోకాళ్ల నొప్పుల ముచ్చట చెప్పింది, పోయేటప్పుడు పెసళ్లు మూటగట్టి ఇచ్చింది. అంతా మరాఠీలనే. నేను తెలుగుల అడిగిన ప్రతి మాటకు మరాఠీలనే జవాబిచ్చింది. పక్కింటామె గోడ మీదినుంచి పిలిస్తే మాత్రం తెలుగుల పలికింది.

ఇప్పుడు గూడ నెలకొకసారి పోత. మందులు తీస్కపోత. నాతోని ఆమె మరాఠీనే మాట్లాడుతది.