గంప మీద పెట్టని రాయి

మా చిన్నప్పుడు... కోడుమూరులో పొద్దు గూకేవేళకు నాకు ఒకటే పని. పెరట్లో కోడిని గంప కింద మూసి, పైన రాయి పెట్టడం. రాయి లేకపోతే బావురుపిల్లి గంప దొర్లించేస్తుంది.

ఆ కోడి మాది కాదు. పక్కింటి ఖాసింబక్క మా అవ్వకు పాలుకు ఇచ్చింది. అంటే మేపేది మేము, పిల్లలయితే చెరి సగం. అరచేతిలో పట్టేంత ఉన్నప్పటి నుంచి అవ్వ దానికి కొర్రనూక వేసి పెంచింది.

గుడ్లకొచ్చిన వారమే, తొక్కుడుబిళ్ళ ఆటలో పడి నేను రాయి మర్చిపోయాను. తెల్లారి చూస్తే గంప పక్కకు దొర్లి ఉంది... కోడి లేదు.

"రాయి పెట్టినావా లేదా?" అని అవ్వ గదమాయించింది.

"పెట్టినానవ్వా" అన్నాను, కళ్ళార్పకుండా.

రాయి ఉన్న గంపను పిల్లి ఎత్తలేదు, మనిషే ఎత్తాలి. అవ్వ నేరుగా గోడ దగ్గరికి పోయి వీధంతా వినేటట్టు అరిచింది.

"ఇన్ని దినాలు మేము మేపితిమి. గుడ్లకొచ్చేసరికి ఎత్తుకపోతివా ఖాసింబీ?"

"అల్లా తోడు, నాకు తెలీదమ్మా" అందామె. ఎవరు నమ్మారు?

మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచి, వాళ్ళింటి వెనక కంపచెట్ల కింద ఈకలు చూపించింది.

"రాయి పెట్టలేదు కదా పాపా?"

తల దించుకున్నాను.

"సరేలే... మీ అవ్వకు చెప్పొద్దు. శానా కొడతాది."

ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రంజానుకు ఆ ఇంటి నుంచి వచ్చే సేమ్యా పాయసం గిన్నె మళ్ళీ మా గోడ దాటలేదు. అవ్వ పోయేదాకా ఆమెను దొంగ అనే అనుకుంది.

ఇప్పుడు డోన్‌లో మా ఇంటి వెనక నాలుగు కోళ్ళకు గూడు కట్టిస్తున్నాను. ముంగిస తవ్వకుండా చుట్టూ అడుగు లోతున కడప బండలు దింపించాను. పక్కలా పైనా సన్నకన్ను జాలీ, ఎండకు సగం మేర బోదగడ్డి కప్పు, తలుపుకు రెండు గడియలు.

"కోళ్ళకు ఇంత బందోబస్తు ఏమిటికక్కా?" అని మేస్త్రీ నవ్వాడు.

"పిల్లి భయమప్పా" అన్నాను. చూడండి... మళ్ళీ అబద్ధమే.

ఖాసింబక్క బద్వేలులో కూతురి దగ్గర ఉందని మొన్న తెలిసింది. నెంబరు కూడా దొరికింది. రెండుసార్లు నొక్కబోయి సిగ్గుతో ఆపేశాను...

ఇప్పుడు పాలుకు కోడినిచ్చే పక్కిల్లూ లేదు, పరాయి పిల్ల తప్పును కొంగున దాచుకునే మనిషీ లేదు. మీ తప్పు కూడా ఇలా ఎవరైనా మోసి ఉంటే ఇక్కడ రాయండి. మీదైనా చదివితే, ఆ నెంబరు నొక్కే ధైర్యం నాకు వస్తుందేమో.