తొలి కాపు

ఎనభైల మొదట్లో మావారు ఆగిరిపల్లిలో మామిడి అంటుమొక్కల వ్యాపారం పెట్టారు. పత్రికలో ప్రకటన ఇచ్చి, చిన్న రసాల అంట్లు తడి గోనెలో చుట్టి, పోస్టు పార్సిల్లో దూరాలకు పంపేవారు. "మొహం చూడకుండానే మనల్ని నమ్మి కొంటున్నారే! ఈ వ్యాపారానికి ఆ నమ్మకమే పెట్టుబడి" అనేవారు.

కొన్నేళ్లకు, ఒక వేసవి మధ్యాహ్నం, అనంతపురం వైపు నుంచి ఒక పెద్దాయన సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మీరు పంపిన చెట్టు కాసింది నాయనా. తొలి కాపు మీకే ఇచ్చిపోదామని వచ్చినా."

ఆ కరువు నేలలో బిందెలతో నీళ్లు మోసి పెంచాడట. మావారు సంబరంగా ఒక పండు పిసికి నోట్లో పెట్టుకున్నారు. మొహం నల్లబడిపోయింది. నేనూ రుచి చూశాను. ఒకటే పులుపు, నిండా పీచు. అంటు కట్టిన రసం కొమ్మ పార్సిల్లోనే చచ్చిపోయి, దాని కిందున్న టెంక మొక్క చిగురించి చెట్టయిందన్నమాట.

"ఎట్లుంది నాయనా?" అని ఆశగా అడిగాడు పెద్దాయన. పాపం, ఆయన చిన్న రసం ఎన్నడూ తిని ఎరగడు. లోపలి గదిలో గడ్డిలో ముగ్గేసిన మా రసాల వాసన గుప్పుమంటోంది. నేను వెళ్లి తలుపు మూసేశాను.

"బాగుందండి" అన్నారు మావారు, తల వంచుకుని.

"అయితే ఇంకో యాభై ఇయ్యి. చేనంతా ఇదే పెడతా."

"అంట్లు అయిపోయాయండి."

ఆ తర్వాత మావారు ఎవరికీ మొక్క పంపలేదు. తిడుతూ ఉత్తరం రాసినవాడికి వేరే మొక్క పంపొచ్చు. మెచ్చుకుంటూ తింటున్నవాడికి ఏం పంపుతాం?

- సీతామహాలక్ష్మి, ఆగిరిపల్లి