సారెకు బదులు గొర్రు

అనంతపురంలో ఒక పెద్ద బట్టల కొట్టు అద్దాన్ని నేను ఒక్క గుద్దుకు పగలగొట్టానని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. టీ అంగడి దగ్గర మొదటి రోజు అద్దం పగిలిందన్నాను. వినేవాళ్లు టీ చల్లారబెట్టుకుని మరీ విన్నారు కాబట్టి మర్నాడు చెయ్యి తెగి రక్తం కారిందన్నాను. ఆ వారం తిరిగేసరికి కథలోకి పోలీసులు కూడా వచ్చారు. జరిగింది ఏమిటంటే, తోయవలసిన అద్దం తలుపును నా వైపుకు లాగుతూ కాసేపు నిలబడ్డాను. కాపలా మనిషి వచ్చి తెరిచాడు. బయటికి వచ్చాను. అద్దానికి గీత కూడా పడలేదు.

కోపం మాత్రం నిజం. దాన్ని నేను గింజంత కూడా పెంచి చెప్పలేదు.

మా వైపు శ్రావణంలో వచ్చే నాగుల పండగ ఆడబిడ్డల పండగ. పెళ్లయిన ఆడవాళ్లు పుట్టలో పాలు పోసి, మిగిలిన పాలలో పువ్వు ముంచి అన్నదమ్ముల వీపు తడుపుతారు. అన్నదమ్ములు వాళ్లకు సారె పెడతారు. నా చిన్నప్పుడు సారె అంటే ఒడిబియ్యం, కొబ్బరిగిన్నెలు, బెల్లం, కుదిరితే ఒక ముతక చీర. కుదరని ఏడు చెల్లెలికి మేకపిల్లను తోలిచ్చినవాళ్లు ఉన్నారు. ఈ ఏడు మన చింతచెట్టు కాపు నీదే, వచ్చి దులుపుకుని పో అన్నవాళ్లు ఉన్నారు. దాన్ని ఎవరూ తక్కువగా చూడలేదు.

తొంభైలు ముగిసేనాటికి ఊళ్లోకి బట్టల కొట్ల జీపులు రావడం మొదలైంది. వాటి మీద మైకులు. చీర కొంటే ప్లాస్టిక్ బకెట్, రెండు కొంటే గోడగడియారం, అదృష్టం ఉంటే లాటరీలో స్కూటరు. బోర్లు ఎండిపోయి, గడ్డి లేక జనం ఎద్దులను సంతకు తోలుకుపోతుంటే, వాళ్లను పక్కకు తప్పుకోమని హారన్ కొడుతూ ఆ జీపు పండగ సంబరాలని అరిచేది. సారె మంచం మీద పరిచి చూపించడం మా దగ్గర పాత అలవాటే. అప్పుడు అమ్మలక్కలు చీర అంచు తిప్పి చూసేవాళ్లు. ఇప్పుడు ముందు కవరు చూడసాగారు. ఏ కొట్టు పేరుందో ఆ కవరును ముందరింట్లో మేకుకు తగిలించేవాళ్లు, వచ్చేపోయేవాళ్లు చదువుకోవడానికి. చదువు రానివాళ్లు కూడా రంగును బట్టి గుర్తుపట్టేవాళ్లు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా చెల్లెల్ని రాప్తాడు దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. మా బావ తాడిపత్రిలో బండల పాలిష్ దగ్గర లోడింగు పని చేస్తూ నడుము విరగ్గొట్టుకున్నాడు. వైద్యానికి ఎద్దులు పోయాయి. మిగిలింది గుట్ట కింద ఎర్రనేల, అందులో వేసే శెనక్కాయ ఒక్కటే. మా నేలకు వాన పడ్డాక గింజ మొలిచేంత తడి రెండు మూడు రోజులే నిలుస్తుంది. దాన్ని పదును అంటాం. ఆ పదునులో ఎద్దులకు గొర్రు, అంటే గింజను సాలులో వేసే పనిముట్టు, కట్టి విత్తాలి. గొర్రు ఉన్నవాడు ముందు తన చేను విత్తుకుంటాడు, అది తప్పు కాదు. ఎద్దులు లేనివాళ్ల వంతు వచ్చేసరికి పడమటి గాలి తడినంతా పీల్చేసి ఉంటుంది. అంతకుముందు ఏడు చెల్లెలికి అదే జరిగింది. వేసిన గింజ వేసినట్టే నేలలో మాడిపోయింది. ఈ ఏడు కూడా అట్లే అయితే ఇంటికి తాళం వేసి బెంగుళూరికి కూలికి పోవడమేనని వాళ్లు అనుకుంటున్నారు. నడుము పడిపోయిన మనిషిని, ముసలి అత్తను పెట్టుకుని అక్కడ ఏం బతుకుతుంది?

ఆషాఢమంతా చుక్క పడలేదు. పండగ దగ్గర పడుతుండగా చెల్లెలు ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది. "సీర తేవద్దన్నా. వాన పడితే గొర్రు తోలుకొని రా. అదే నాకు సారె" అంది. సరేనన్నాను. అని, పండగకు రెండు రోజుల ముందు బస్సెక్కి చీర కొనడానికి అనంతపురం పోయాను. ఉత్త చేతులతో పోతే వాళ్ల అత్త ఏమంటుందో నాకు తెలుసు. అంతకంటే, ఆ కవరు పట్టుకుని రాప్తాడు బస్టాపులో దిగాలని నాకూ ఉండింది. అది దాచడం ఎందుకు.

కొట్టులో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. చిలకపచ్చ చీర ఒకటి నా ఒళ్లో పరిచారు. అప్పుడు అద్దం అవతల వాన మొదలైంది. మామూలు వాన కాదు, వీధి కనిపించకుండా కొట్టింది. నేను చీర వదిలేసి నిలబడ్డాను. పక్కన కొంటున్న పెద్దమనిషి గడియారం చూసుకుని, "పండగ ముందర ఈ పాడు వానేందప్పా" అన్నాడు. కొట్టు యజమాని అవునవునని తల ఊపి, గిరాకీ అంతా పాడైపోయిందన్నాడు.

అనంతపురం జిల్లాలో, శ్రావణంలో, పాడు వాన. నాకు చెవుల్లో మంట పుట్టింది. వీళ్ల చీరలు కొనే దుడ్లు ఏ నేలలోంచి వస్తున్నాయి? ఆ నేల తాగుతుంటే వీళ్లకు గిరాకీ పోయిందట. ఆ యజమానిని అందరి ముందు కడిగి పారేశానని కూడా ఊళ్లో చెప్పాను. నిజానికి నా నోటి నుంచి వచ్చింది ఒకే మాట, "నాకు సీర వద్దు". తర్వాత తలుపుతో ఆ పెనుగులాట. కాపలా మనిషి మంచివాడు, తడిసిపోతావు పెద్దాయనా అని ఒక ఖాళీ కవరు చేతిలో పెట్టాడు. కొట్టు పేరున్న పెద్ద కవరు. దాన్నే తలకు కప్పుకుని బస్టాండుకు నడిచాను.

ఇంటికి చేరేసరికి నా భార్య వాకిట్లోనే ఉంది. కవరు వైపు చూసింది, ఖాళీగా ఉందని కనిపెట్టింది.

"సీర యాడ?"

"తేలేదు. తెల్లార్తో గొర్రు కట్టుకొని సెల్లెలి సేనికి పోతాండా."

"మన సేను?"

అక్కడే ఉంది చిక్కు. మర్నాడు ఒక్క రోజు. ఆ తర్వాతి రోజు పండగ. నాగుల పండగ నాడు మా దగ్గర నేల చీల్చరు, గొర్రు కాదు గదా గడ్డపార కూడా ముట్టరు. పండగ దాటాక పదును ఉంటుందో ఉండదో. ఉన్న ఒక్క రోజు రెండు చేన్లకు చాలదు.

పండగ మర్నాడు విత్తుకుందామన్నాను. ఆమె నవ్వలేదు. "వాన నీ మేనమామనా, నువ్వు సెప్పినన్ని దినాలు ఆగేదానికి?" అంది. నేను అరిచాను. ఆమె అరవలేదు. లోపలికి పోయి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి మూట కట్టి, తడవకుండా ఆ కవరులో పెట్టింది. చల్లగా పోయి రా అని దీవించి పంపిందని తర్వాత చెప్పుకున్నాను. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మూట మాత్రం పెద్దదే కట్టింది.

ఎద్దులతో చెల్లెలి ఊరు చేరేసరికి పొద్దు బారెడు ఎక్కింది. అరుగు మీద వాళ్ల అత్త. నన్ను, ఎద్దులను, గొర్రును వరసగా చూసింది.

"ఏమప్పా, సారె తెస్తావనుకుంటే సేద్యగాని మాదిరి వచ్చినావే?"

నేను గొర్రు దించుతుండగా చెల్లెలు గింజల తట్టతో బయటికి వచ్చింది. ఒక్కొక్క కాయా చేత్తో వొలిచి, పుచ్చులు ఏరేసి పెట్టుకున్న విత్తనం. "మీ సేను ఇత్తినారా అన్నా?" అని అడిగింది.

"నిన్న సాయంత్రమే అయిపాయ."

"నిన్న సాయంత్రం వాన పడతా ఉన్యాది గదన్నా."

అబద్ధం ఆడేటప్పుడు ఆకాశం సంగతి చూసుకోవాలి. నేను ఎద్దుల మెడ పట్టెడలు సర్దుతున్నట్టు వంగాను. ఆమె తట్ట చంకకెత్తుకుని, "అయితే బిరీన కట్టు. నీ సేను ఎండితే మా వదిన నన్నే అంటాది" అంది.

నేను గొర్రు తోలాను. ఆమె వెనకే నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలింది. జడ్డిగమంటే గొర్రు మీద ఉండే గిన్నె, అందులో వేసిన గింజ గొట్టాల గుండా సాలులోకి జారుతుంది. వదిలే చెయ్యి ఒకే తీరుగా ఆడాలి. ఆమె చెయ్యి ఎక్కడా తప్పలేదు. బావ గట్టు మీద కూర్చుని కాకులను అదిలించాడు. మధ్యాహ్నానికే చేనంతా ముగించానని మీరు ఎవరి దగ్గరైనా విని ఉంటే నమ్మవద్దు. పొద్దు గూకేసరికి గుట్ట పక్క రాళ్లలో ఒక ముక్క మిగిలిపోయింది. నా నడుము బావ నడుముకు తోడైంది.

పండగ రోజు చెల్లెలు నా వీపు పాలతో తడిపింది. ఆ తర్వాత సారె చూడ్డానికి అమ్మలక్కలు వచ్చారు. మంచం ఖాళీ. నేను సిగ్గుతో కాదు, కోపంతో గోడ వైపు తిరిగాను. అక్కడ మేకుకు ఆ కవరు వేలాడుతోంది. నేను తలకు కప్పుకున్నదే. వాళ్ల అత్త ఎప్పుడో తుడిచి, ముడతలు సాపు చేసి, పేరు కనిపించేట్టు తగిలించింది.

"దాండ్లో ఏముండాది అత్తా? గాలి" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే పైకి లేచింది.

అత్త గొంతు కూడా లేచింది. "గాలే. కొడుకు మంచాన పడె, ఎద్దులు పాయ, కోడలికి పుట్టింటివాళ్లు కూడా ఏమీ పెట్టలేదని ఊరంతా అనల్లనా? నీకేమప్పా, నువ్వు రేపు పోతావు. ఈళ్ల మొగాలు నేను సూడల్ల."

ఆమె మీద కోపం అక్కడితో పోయింది, జీపు మీద కోపం రెట్టింపైంది. ఒక ముసలి మనిషి చేత ఖాళీ కవరు తుడిపించి మేకుకు కట్టించినవాళ్లు ఎవరో నాకు తెలుసు.

చెల్లెలు మేకు మీది కవరు తీసి మడిచింది. సారె యాడమ్మా అని అడిగిన వాళ్లకు మామూలుగానే చెప్పింది: "మా అన్న సేన్లో పెట్టినాడు. మొలకొచ్చినాక పోయి సూడండి. ఇప్పుడు పోయి తొక్కద్దండి."

మర్నాడు నేను ఎద్దులను తోలుకుని ఊరికి వచ్చాను. గాలికి దారి పొడవునా ఎర్రదుమ్ము లేస్తోంది. నా చేను పోయినట్టేనని వచ్చాను. చూస్తే సగానికి పైగా విత్తి ఉంది, సాళ్లు ఇంకా తాజాగా ఉన్నాయి. మా వెనకింట్లో ఉండే క్రైస్తవుల అబ్బాయికి ఒక జత ఎద్దులున్నాయి. నా భార్య అతన్ని పిలిచింది. అతను పండగ నాడే గొర్రు కట్టాడు. పాముల సంగతి అడిగితే, మీ పాములతో నేను మాట్లాడుకుంటాలే అక్కా అన్నాడట. ఆమె ఉపవాసంతోనే గింజలు వదిలింది.

పండగ పూట నేల చీలుస్తావా అని నేను గట్టిగా అడిగాను. ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపలేదు.

"నీ సెల్లెలికి నువ్వు గొర్రు ఇయ్యచ్చు. నాకు అన్నదమ్ములు లేరు. ఇన్నేండ్లలో నాకు సారె ఎవురు పెట్టినారో సెప్పు. ఆ పిల్లోడు పెట్టినాడు. కాదంటావా?"

కాదనలేదు. ఆ డిసెంబరులో వాళ్ల పండక్కి బేకరీ కేకు పెట్టె కొనిపోదామని నేనంటే ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరం పోయి వాళ్లు పీకి కుప్పేసిన శెనక్కాయ కట్టెకు ఉన్న కాయలు తెంపి, మూటలు కట్టి వచ్చాం.

చెల్లెలి చేను మొలిచింది. గొప్ప పంట కాదు, బెంగుళూరు బస్సు ఎక్కకుండా ఆపేంత. మరుసటి శ్రావణంలో వాన పడగానే మళ్లీ గొర్రు కట్టుకుని బయలుదేరాను. హైవే దగ్గర అదే కొట్టు జీపు ఆగి, లోపలి పల్లెలకు దారి ఏదని అడిగింది. డ్రైవర్‌కు నేను చాలా వివరంగా దారి చెప్పాను. ఆ బండిబాట తిన్నగా పోయి మా చెల్లెలి చేనులో ముగుస్తుంది.

నేను చేరేసరికి జీపు తడినేలలో చక్రం దిగబడి నిలబడి ఉంది. చేను మధ్యలో కర్రకు కట్టిన పాత కవరు చిరిగి గాలికి కొట్టుకుంటోంది, పేరు ఇంకా చెరగలేదు. డ్రైవర్ దాన్నే చూస్తున్నాడు. "మా కొట్టు కవరు ఈడ యాల కట్టినారమ్మా?" అన్నాడు.

"కాకులకు" అంది చెల్లెలు.

జీపును బురదలోనే వదిలేసి మా పని మేము చూసుకున్నామని ఊళ్లో చెప్పాను. అది కూడా పూర్తి నిజం కాదు. ఎద్దులు కట్టి లాగి రోడ్డెక్కించాను. అతను సంతోషంతో బకెట్ ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఊరు దాటేదాకా మైకు ఆపి పొమ్మన్నాను. ఆపాడు. తర్వాత వెనక్కి వచ్చి గొర్రు కట్టాను. పదును ఇంకా ఉంది.