చంద్రుడి మీదికి నెట్టిన నింద

మా అమ్మ పొదిలి దగ్గర మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేసేది. పోయిన ఏడు దసరా సెలవులకు ముందు, బడి కోడిగుడ్లు కొంగులో కట్టుకొని ఇంటికి తెస్తోందని ఊరంతా పాకింది. ఆ మాట పుట్టించింది మా పక్కింటామె. వంట పని తన కోడలికి రావాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. ఈ సంగతి పెద్దసారుకూ తెలుసు. అయినా, "ఊళ్లో అనుకుంటా ఉన్నారమ్మా, కొన్నాళ్లు ఆగు" అని మా అమ్మను మాన్పించాడు.

నాకు ఒళ్లు మండింది. మార్కాపురం నుంచి బస్సెక్కి వచ్చి, నలుగురిలో పెట్టి అడుగుదాం పదమన్నాను. మా అమ్మ కదల్లేదు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ ఆ మాట ఎవరన్నారని అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"చవితినాడు చంద్రుణ్ణి చూసినావేమో వదినా?"

"చూసినానమ్మా. మిద్దె మీద బట్టలు తీసేదానికి పోయి తల ఎత్తినా" అంది మా అమ్మ, గుడ్లు తెచ్చానని ఒప్పుకున్నంత సిగ్గుగా. అంతటితో అది నీలాపనిందేనని తీర్పయిపోయింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. ఉండబట్టలేక నీలాపనింద అన్న మాటను నిఘంటువులో వెతికాను. నీలికి అబద్ధమనే పాత అర్థం ఉంది. పుకారును నీలివార్త అనేది అందుకే. అపనింద అంటే చేయని తప్పు మోపడం. ఎటు తిప్పి చూసినా ఆ మాటలో మనిషి ఆడిన అబద్ధమే ఉంది గానీ చంద్రుడు లేడు. చంద్రుణ్ణి వ్రతకథలోంచి మనమే తెచ్చి తగిలించుకున్నాం. ఆ కథలోనైనా నింద వేసింది మనుషులే కదా అని మా అమ్మతో వాదించాను.

"నీ పుస్తకాలు నీకాడ పెట్టుకో. నేనే అక్షింతలు సరిగా వేసుకోలేదు. ఒకర్ని అని ఏం లాభం?" అని విసుక్కుంది.

ఆ చంద్రుడి మీదే కేసు పెట్టాలన్నంత చిరాకొచ్చింది నాకు.

ఇప్పుడు బడిలో వంట పక్కింటామె కోడలు చేస్తోంది. మొన్న చవితికి పొద్దు వాలకముందే మా అమ్మ తలుపులు, కిటికీలు మూసి కూర్చుంది. కాసేపటికి పక్కింటామె తలుపు తట్టింది. వాళ్లింట్లో కథ చదువుకుని, గుప్పిట్లో అక్షింతలు తెచ్చింది.

"మళ్లీ నీలాపనింద పడకుండా నెత్తిన ఏస్తా రా అక్కా. పోయినేడు నువ్వు పడిన బాధ చూడలేకపోయినా" అంది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆమె ముందు తల వంచింది.