మా అత్త పసుపు రాసిన శిల్పం

ఇరవై మూడేళ్ళ వయసులో కొందరికి సిగ్గు కంటే సిద్ధాంతాలు ఎక్కువగా ఉంటాయి. నాకైతే ఆ రోజుల్లో సిద్ధాంతాలు మాత్రమే ఉండేవి. విశాఖలో శిల్పకళ చదివి రాయగడ తిరిగొచ్చి, మా నాన్న కిరాణా గోడౌన్‌లో ఓ మూల ఆక్రమించాను. తాతగారి నాటి తుప్పు కాటా, చిరిగిన గోనెసంచి, జేకేపూర్ పేపరుమిల్లు కాయితం చుట్టొచ్చిన అట్టగొట్టం కలిపి నిలబెట్టి ‘బరువూ పరువూ’ అని పేరు పెట్టాను. (నాకు ముందు పేరు తట్టేది, తర్వాత దానికి తగిన తుక్కు వెతికేదాన్ని. ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.) కొరాపుట్ కళాప్రదర్శనకి అది ఎంపికైతే ఆ మూల నాదేనని, కాకపోతే అక్కడ ఉల్లిపాయల బస్తాలు దింపిస్తానని నాన్న తేల్చేశారు.

ఎంపిక చేసే పెద్దమనిషి ఢిల్లీ నుంచి దసరా మర్నాడు వస్తానన్నాడు. ఆ ఉదయం తలుపు తీస్తే నా శిల్పం నిండా పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండ. మా ఇంట్లో ఏటా కాటాలకీ లారీకీ ఆయుధపూజ చేసేది మా మేనత్త. ఏడుపు మొహంతో నిలదీస్తే ఆవిడ తాపీగా, “కాటాకి రాయకపోతే ఎలాగమ్మీ? అది మనకి కూడెట్టింది. దాన్ని నువ్వేటి సేసేవో నాకు తెల్దు గానీ, పండగపూట బోసిగా ఉంచనేను” అంది. నేను తడిగుడ్డ తెచ్చేలోగా ఆయన రానే వచ్చాడు.

వచ్చి, శిల్పం చుట్టూ మూడుసార్లు తిరిగాడు (ప్రదక్షిణం చేస్తున్నానని ఆయనకి తెలియదు). నేను నెల్లాళ్ళు తల బద్దలు కొట్టుకున్న పేరు చదవనే లేదు. పసుపు దగ్గర ఆగి, వ్యాపారమూ భక్తీ ఇక్కడ ఒకదాన్నొకటి నిలదీస్తున్నాయని హిందీలో పావుగంట మాట్లాడాడు. గుమ్మం ముందు మా లారీ అదే పసుపుతో, అవే బొట్లతో నిలబడి ఉంది. దాన్ని దాటుకునే లోపలికొచ్చాడు మహానుభావుడు. చివరికి, ఈ పసుపు ఆలోచన ఎవరిదని అడిగాడు. అత్త నా పక్కనే ఉంది. (బజారు హిందీ ఆవిడకి నాకంటే బాగా వచ్చు.) నాదేనన్నాను.

శిల్పం ఎంపికైంది, మూల నాకు దక్కింది. ఆయన వెళ్ళాక అత్త శిల్పం మీది దండ సర్ది, చేతికంటిన పసుపు కొంగుకి తుడుచుకుంటూ, “మంచిదే అమ్మీ. అయితే వొచ్చే దసరాకి అన్నింటికీ నువ్వే రాసెయ్యి. నాకు మోకాళ్ళు వంగట్నేదు” అంది.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, ఎదురు సమాధానం చెప్పి బయటపడేదాన్ని. అప్పటి నాలోని ఆ గడుసు పిల్లని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది. పేర్లు పెట్టడంలో తనంతటిది లేదనుకున్న ఆ పిల్లకి, శిల్పం కింద అత్త పేరు రాయొచ్చని మాత్రం తట్టలేదు.